బాగానే ఉంది అత్తయ్యా!

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగిందంటే అది విజయవాడ నుంచే. ఎత్తగానే అత్తయ్య అడిగే ప్రశ్నలకు ఒక వరస ఉంటుంది. ముందు కొడుకు ఎలా ఉన్నాడు, తర్వాత మనవరాలు ఎలా చదువుతోంది, ఆ తర్వాత ఇవాళ ఏం కూర. అన్నీ అయ్యాక, ఇక పెట్టేస్తుందనగా, అప్పుడే గుర్తొచ్చినట్టు...

‘‘అవునూ, మల్లె ఎలా ఉంది?’’

‘‘బాగానే ఉంది అత్తయ్యా!’’

ఏడాదికి పైగా ప్రతి ఆదివారం ఇదే సమాధానం చెప్పాను. చెప్తున్నప్పుడు ఒక్కసారైనా బాల్కనీ వైపు తొంగి చూసిన పాపాన పోలేదు. ‘బాగున్నారా’ అంటే ‘బాగున్నాం’ అంటాం చూడండి... అదీ అలాంటిదే.

ఆ మల్లె మా ఇంటికొచ్చి పదేళ్లు దాటింది. అత్తయ్య పుట్టిల్లు మైలవరం దగ్గర. ఆ వైపు మల్లెతోటలకు పేరు. ఒకసారి పుట్టింటికి వెళ్లి వస్తూ, వేళ్లొచ్చిన చిన్న అంటుమొక్కను తడిగుడ్డలో చుట్టి, పైన పాలిథిన్ కవరు కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ తీసుకొచ్చింది. కుండీలో నాటింది. మూడో అంతస్తులో మా తూర్పు బాల్కనీ, పొద్దుటి ఎండ... రెండేళ్లలో గుబురుగా అల్లుకుంది. వేసవి వచ్చిందంటే సాయంత్రం నాలుగింటికల్లా అత్తయ్య కుర్చీ బాల్కనీలోకి చేరేది. మొగ్గలన్నీ కోసి, అరటినారతో మాల కట్టి, మూడు ముక్కలు చేసేది. ఒకటి దేవుడికి, ఒకటి చిన్నికి, ఒకటి నాకు. నేను ఆఫీసు నుంచి ఏ ఎనిమిదింటికో వచ్చేసరికి నా ముక్క తడిబట్టలో చుట్టి ఫ్రిజ్ మీద ఉండేది. ఆ వేళప్పుడు పూలు పెట్టుకుని ఎక్కడికి వెళ్తాను? అయినా పెట్టుకునేదాన్ని. పెట్టుకోకపోతే ఆవిడ ఊరుకోదు.

రెండేళ్ల కిందటి శ్రావణమాసంలో అత్తయ్య బాత్‌రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, మాది లిఫ్టు లేని అపార్ట్‌మెంట్. మూడంతస్తుల మెట్లు ఎక్కడం దిగడం కుదరదన్నారు. విజయవాడలో బావగారిది కింది వాటా ఇల్లు. ‘కొన్నాళ్లు అక్కడ ఉండమ్మా’ అన్నారు అన్నదమ్ములిద్దరూ. వెళ్తూ వెళ్తూ కారులోంచి నాతో చెప్పిన చివరి మాట... ‘‘కుండీలో నీళ్లు మర్చిపోకమ్మాయ్. సంక్రాంతికల్లా వచ్చేస్తాగా.’’

ఆ సంక్రాంతి వెళ్లిపోయింది. తర్వాతి ఉగాదీ వెళ్లిపోయింది. 

రాసేది నేనే... ఎండగట్టిందీ నేనే!

నిజం చెప్పాలంటే మొదటి రెండు నెలలూ రోజూ నీళ్లు పోశాను. తర్వాత రోజు విడిచి రోజు. ఆ తర్వాత గుర్తొచ్చినప్పుడు. కొత్త వాషింగ్ మెషీన్ వచ్చినప్పుడు చోటు చాలక కుండీని దాని వెనక్కి జరిపాం. కంటికి కనబడనిది మనసుకేం గుర్తుంటుంది? ‘అమ్మా, ఈ ఫిల్టర్ నీళ్లు ఊరికే పోతున్నాయి, చెట్టుకు పోస్తున్నా’ అని పనమ్మాయి ఒకసారి చెబితే, ‘మంచి పని చేస్తున్నావే’ అని మెచ్చుకున్నాను కూడా.

ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఇదే పుస్తకంలో మిద్దెతోటల మీద రెండుసార్లు కథనాలు రాశాను నేను. ‘మొక్కల్ని ఇంట్లో మనుషుల్లా చూసుకోండి’ అని పాఠకులకు సలహా ఇచ్చాను. ఆ వాక్యం టైపు చేస్తున్న రాత్రి మా ఇంటి మల్లె వాషింగ్ మెషీన్ వెనకాల ఎండుతోంది.

కిందటి కార్తీకమాసంలో ఒక ఆదివారం ఫోన్ మోగింది. అబ్బాయి, మనవరాలు, కూర... అన్నీ అయ్యాయి. మల్లె బాగానే ఉందని చెప్పేశాను. అప్పుడు అత్తయ్య ఉత్సాహంగా అంది.

‘‘ఈసారి ఉగాదికి మీ దగ్గరికి వస్తున్నానమ్మాయ్. డాక్టరు సరేనన్నాడు. కర్ర పట్టుకుని బాగానే నడుస్తున్నా. మెట్లంటావా... మా అబ్బాయి మోస్తాడులే. అప్పటికి మల్లె మొగ్గ తొడుగుతుంది కూడా. నా మంచం కిటికీ పక్కనే ఉందిగా? అక్కడ పడుకుంటే బాల్కనీలోంచి వాసన వస్తుంది.’’

ఫోన్ స్పీకర్‌లో ఉంది. మావారు నా వైపు చూశారు. ‘‘ఆ, అక్కడే ఉందమ్మా. నీ గది నీకే ఉంది’’ అన్నారు.

మంచం లేదు. ఆ గది ఇప్పుడు చిన్నిది. ఎనిమిదో తరగతికి వచ్చింది, చదువుకోవడానికి గది కావాలంది. బల్ల వేశాం, పుస్తకాల అలమర పెట్టాం. మంచాన్ని వాచ్‌మన్ తీసుకెళ్తానంటే ఇచ్చేశాం. అది అత్తయ్యకు చెప్పాలని ఇద్దరమూ అనుకున్నాం. ‘ఇప్పుడెందుకు బాధపెట్టడం, మెల్లగా చెబుదాంలే’ అనుకున్నాం. ఆ ‘మెల్లగా’ మాత్రం రాలేదు.

ఫోన్ పెట్టేసి బాల్కనీలోకి వెళ్లి వాషింగ్ మెషీన్ జరిపాను. మొక్క అనడానికి లేదు. నాలుగు పుల్లలు. కొసన ఏడెనిమిది ఆకులు, అవీ పసుపుపచ్చగా అంచులు మాడి. మట్టి కుండీ అంచుల నుంచి విడిపోయి రాయిలా గట్టిపడింది. దాని మీద తెల్లగా సున్నం చల్లినట్టు పొర. ఒకప్పుడు మొదట్లో రెండు కొమ్మలు విడిపోకుండా అత్తయ్య కట్టిన పాతచీర పేలిక మాత్రం రంగు వెలిసి అలాగే ఉంది.

ప్రేమ ఎక్కువైతే...

తప్పు చేసినవాళ్లు ముందు చేసే పని అతి చేయడం. నేనూ అదే చేశాను. ఆ పూటే రెండు చెంబుల నీళ్లు పోశాను. మర్నాడు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. పోసిన నీళ్లు పోసినట్టే కిందికి వచ్చేస్తుంటే ‘పాపం, ఎంత దాహంతో ఉందో’ అనుకున్నా. దారిలో ఎరువుల కొట్టు కనబడితే డీఏపీ కొని గుప్పెడు వేశాను. ఒకేసారి తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నం ఎండ తగిలే చోట పెట్టాను. వారం తిరిగేసరికి ఉన్న ఏడెనిమిది ఆకుల్లో అయిదు రాలిపోయాయి.

‘‘ఇదంతా ఎందుకు? మొగ్గలున్న కొత్త మల్లె కొనుక్కొచ్చి ఇదే కుండీలో పెట్టేద్దాం. అమ్మకేం తెలుస్తుంది?’’ అన్నారు మావారు.

ఒప్పుకుంటున్నాను, నాకూ ఆ ఆలోచన వచ్చింది. అందుకే నర్సరీకి వెళ్లాను. మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో రోడ్డు పక్కన నర్సరీ. నడిపేది ఒక పెద్దాయన. గోదావరి యాస. ‘మాది కడియం అండీ’ అంటారు ఎవరు అడిగినా. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక అంటే ఊళ్లకు ఊళ్లే నర్సరీలు కదా! దేశం నలుమూలలకూ అక్కణ్నుంచి లారీల్లో మొక్కలు వెళ్తుంటాయి.

ఆయన చూపించిన కొత్త మొక్కలు పచ్చగా, ముద్దొచ్చేలా ఉన్నాయి. కానీ వాటి మొదలు నా చిటికెనవేలంత. అత్తయ్య మల్లె మొదలు బొటనవేలి కంటే లావు. పదేళ్ల మొక్కను ఏడాది మొక్కతో ఎలా మారుస్తాం? ఆవిడ కళ్లకు గంతలు కడితే తప్ప! నిజాయతీ వల్ల కాదండీ, దొరికిపోతామన్న భయం వల్లే ఆ పాపం చేయలేదు.

ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నా కాబట్టి ఆయనకు చూపించాను. ‘‘బతుకుతుందంటారా?’’

‘‘ఫొటో చూసి జాతకం చెప్పలేనమ్మా. ఇంటికెళ్లి కొమ్మని గోటితో గీరి చూడండి. కొసల నుంచి మొదలుపెట్టి కిందికి రండి. పైబెరడు కింద పచ్చగా కనబడితే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే అక్కడిదాకా పోయినట్టు’’ అన్నారు.

నేను చేసిన సేవంతా ఏకరువు పెట్టాను. ఆయన తల కొట్టుకున్నారు. 

‘‘మట్టి బాగా ఎండి బిగిసిపోతే నీళ్లు పీల్చదమ్మా. అంచుల వెంట జారి కింద కన్నంలోంచి వచ్చేస్తాయి. మీరేమో తాగుతోందనుకున్నారు. ఇక ఎరువు సంగతి... పది రోజులు జ్వరంతో పడుకుని లేచినవాడికి బిర్యానీ పెడతారా? ఎండిన వేళ్లకు ఎరువు తగిలితే మాడిపోవూ?’’

తెల్లపొర గురించి చెబితే ‘ఏ నీళ్లు పోశారు?’ అని అడిగారు. ఫిల్టర్ నీళ్లన్నాను గొప్పగా. ఫిల్టర్‌లోంచి మనం తాగే నీళ్లు వేరు, పక్క గొట్టంలోంచి బయటికి పోయేవి వేరు. బోరునీళ్లలోని ఉప్పంతా ఆ రెండో గొట్టంలోకే చేరుతుంది. గదులు తుడుచుకోవడానికి పనికొస్తాయి కానీ కుండీలో మొక్కకు రోజూ పోస్తే ఉప్పు పేరుకుపోతుంది. మట్టి తడిగా ఉన్నా వేళ్లు నీళ్లు తీసుకోలేవు. అంటే ఇన్నాళ్లూ ఆ పిల్ల పోసింది, నేను మెచ్చుకున్నది... ఉప్పునీళ్లన్నమాట.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా బాల్కనీలోకి వెళ్లాను. కొసన గీరాను. పొడి. జానెడు కిందికి గీరాను. పొడి. రెండో కొమ్మ, మూడో కొమ్మ... అంతే. మొదలుకు జానెడెత్తులో, ఆ పేలిక కట్టిన చోటికి కాస్త పైన గీరితే గోటి కింద సన్నగా పచ్చటి గీత కనబడింది. ‘చిన్నీ, ఇలా రా’ అని కేకపెట్టాను. అది పరుగున వచ్చి చూసి, ‘దీనికేనా?’ అన్నట్టు మొహం పెట్టి వెళ్లిపోయింది.

కత్తిరింపు

తర్వాతి ఆదివారం ఆ పెద్దాయన చెప్పినట్టే చేశాను. ముందు కుండీని నీళ్లు నింపిన టబ్బులో పెట్టాను. మట్టిలోంచి బుడగలు బుడబుడమంటూ రావడం మొదలైంది. దాదాపు అరగంట. బుడగలు ఆగాయంటే మట్టి లోపలిదాకా తడిసినట్టు. నీరంతా ఓడ్చి, మర్నాడు కుండీని పక్కకి వాల్చి మెల్లగా కొట్టి మొక్కను బయటికి లాగాను. మట్టి కంటే వేళ్లే ఎక్కువున్నాయి. కుండీ గోడల వెంట గుండ్రంగా చుట్టుకుని, పోవడానికి దారిలేక తిరిగి తిరిగి, కింద కన్నాన్ని పూర్తిగా మూసేశాయి. మేం నీళ్లు పోయకపోవడం ఒక్కటే కాదు, ఎన్నేళ్లుగానో దానికి చోటు చాలడం లేదు. అత్తయ్య ఉన్నప్పుడూ చాల్లేదేమో! ఆవిడ రోజూ చూసుకుంటూ నెట్టుకొచ్చింది.

నల్లగా మెత్తబడిన వేళ్లు కత్తిరించాను. లేతరంగులో గట్టిగా ఉన్నవి ఉంచాను. కుండీ కడిగి, కన్నం మీద పెంకుముక్క పెట్టి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపి నింపాను. అదే కుండీ... వేళ్లు తగ్గాయి కాబట్టి ఇప్పుడు చోటు సరిపోయింది.

ఇక కొమ్మలు. పచ్చగీత కనబడిన చోటికి కాస్త పైన ఏటవాలుగా కత్తిరించమన్నారు. అంటే మిగిలిన మూడు ఆకులూ పోతాయి. కత్తెర పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాను. ఉన్న కాస్తా నేనే కోసేయాలా? ‘ఎండిన కొమ్మలు, వాడిన ఆకులు ఉంచితే చూసుకోవడానికే మనకు తృప్తి, మొక్కకు బరువు’ అన్నారు పెద్దాయన. కళ్లు మూసుకుని కాదు గానీ, మనసు మూసుకుని కోసేశాను. చివరికి కుండీలో మిగిలింది పేలిక కట్టిన రెండు మోళ్లు.

పది రోజులు వెలుతురున్న నీడలో ఉంచాను. తర్వాత పొద్దుటి ఎండలోకి, ముందు గంట, తర్వాత రెండు గంటలు... అలా పెంచుకుంటూ పోయాను. మల్లెకు రోజుకు అయిదారు గంటల ఎండ పడందే పూత రాదు. ఎరువు జోలికి పోలేదు. కుళాయిలో కృష్ణానీళ్లు వచ్చిన రోజు బకెట్టు పట్టి ఉంచి అవే పోసేదాన్ని. అదీ వేలు మట్టిలో గుచ్చి, మొదటి కణుపుదాకా పొడిగా తగిలితేనే. చాలా రోజులు వేలికి తడి తగిలేది. చెంబు పట్టుకుని వెళ్లి, పోయకుండా వెనక్కి రావడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఏదో ఒకటి చేయాలి, చేస్తున్నట్టు మనకైనా కనబడాలి. ఊరికే చూసి రావడం పనిలా అనిపించదు కదా!

డిసెంబరంతా మోడే. సంక్రాంతికి బాల్కనీలో ముగ్గేస్తూ చూశాను. మోడే. ప్రతి ఆదివారం ఫోన్. ‘బాగానే ఉంది అత్తయ్యా’ అనడం మాత్రం అప్పటి నుంచి కష్టమైంది. ఇంతకుముందు చూడకుండా చెప్పేదాన్ని. ఇప్పుడు చూసి కూడా చెప్తున్నాను.

జనవరి ఆఖరు వారంలో ఒక పొద్దున, పేలికకు పైన ఆవగింజంత ఎర్రటి పొక్కు. పురుగేమో అనుకున్నా. రెండు రోజులకు విచ్చుకుంటే లేత చిగురు! వారంలో ఇంకో మూడు. ఫిబ్రవరి నెలాఖరుకు మోడు కనబడనంతగా ఆకు వచ్చింది. మధ్యలో ఒకసారి లేత కొమ్మల మీద దూదిలా పిండినల్లి కనబడితే సబ్బునీళ్లలో గుడ్డ ముంచి తుడిచి, వేపనూనె కలిపిన నీళ్లు చల్లాను. ఆఫీసుకు వెళ్తూ ఒకసారి, వచ్చాక ఒకసారి దాని ముందు నిలబడటం అలవాటైపోయింది. 

మొగ్గలు మాత్రం రాలేదు. ఉగాది వచ్చేసింది.

మంచం ఏది?

అత్తయ్యను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మావారూ వాచ్‌మనూ మూడంతస్తులూ మోసుకొచ్చారు. ‘‘నా పెళ్లిలో కూడా నన్నిలా మోయలేదురా’’ అని దారంతా ఒకటే నవ్వు. ఇంట్లో అడుగుపెట్టి కర్ర పోటేసుకుంటూ సరాసరి బాల్కనీలోకి వెళ్లింది. వెనకే నేను.

ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. వంగలేదు కాబట్టి కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. మట్టి చిటికెడు తీసి నలిపి చూసింది. ఆకులు ఎత్తి కిందికి చూసింది. కత్తిరించిన గుర్తుల మీద వేలు పెట్టి రాసింది.

‘‘ఎక్కడిదాకా ఎండిందమ్మాయ్?’’

చెప్పేశాను. వాషింగ్ మెషీన్, ఫిల్టర్ నీళ్లు, డీఏపీ... అన్నీ. కొత్తది కొని మార్చేద్దామనుకున్న సంగతి కూడా.

‘‘నాకు తెలుసులే. ఏడాదిగా అడుగుతున్నా. ‘బాగానే ఉంది’ తప్ప ఇంకో మాట లేదు. మొగ్గేసిందా, ఆకు రాలుస్తోందా, పురుగు పట్టిందా... బాగున్న మొక్కకు చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది కదా!’’ అంది నవ్వుతూనే.

తర్వాత తనే చెప్పుకొచ్చింది. మైలవరం వైపు తోటల్లో కార్తీకం దాటాక మల్లెకు నీళ్లు పెట్టడం మానేస్తారట. తోటలోకి గొర్రెల్ని తోలి ఆకంతా మేపిస్తారట. తర్వాత కొమ్మలు కత్తిరించి, ఎరువేసి, అప్పుడు నీళ్లు పెడితే కొత్త చిగురు వచ్చి ఆ చిగురుకే మొగ్గ వస్తుందట. ‘‘ఎండితే చచ్చిపోయే రకం కాదిది. కానీ ఎండబెట్టడం వేరు, మర్చిపోవడం వేరు. ఎండబెట్టినవాళ్లు మళ్లీ నీళ్లెప్పుడు పెట్టాలో లెక్క చూసుకుంటారు’’ అంది.

గండం గడిచిందనుకున్నాను. అప్పుడు లేచి తన గదిలోకి వెళ్లింది.

చిన్ని బల్ల, అలమర, గోడ మీద దాని బొమ్మలు. కిటికీ పక్కన మంచం ఉండాల్సిన చోట కుర్చీ. హాల్లో ఆవిడ కోసం కొత్తగా కొన్న మడత మంచం వేసి ఉంది. గుమ్మంలోనే నిలబడిపోయింది. మావారు ఏదో చెప్పబోయారు. ‘అమ్మా, చిన్ని చదువుకని...’

‘‘మంచం ఇచ్చేశామని చెబితే ఏం పోయేదిరా? ఏడాదిన్నరగా రాత్రిపూట నిద్ర పట్టకపోతే ఆ కిటికీ పక్కన పడుకున్నట్టే అనుకుంటున్నాను. లేని మంచం మీద!’’

మల్లె ఎండిందంటే నవ్విన మనిషి, ఈ మాట అంటుంటే గొంతు వణికింది. మాకు తల ఎత్తుకోవడానికి లేదు. ఆవిడ బాధపడుతుందనే కదా చెప్పలేదు! ఇప్పుడు బాధపడుతోంది, పైగా ఏడాదిన్నరది ఒకేసారి.

ఆ రాత్రి ఉగాది పచ్చడి గిన్నెలు కడుగుతుంటే వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. తనే మొదలుపెట్టింది. 

‘‘చిన్నికి గది కావాల్సిందే. నన్నడిగితే నేనే ఇమ్మనేదాన్ని. ఇక ఈ మెట్లు నా వల్ల కావు. నేను ఇక్కడ ఉండటానికి రాలేను. ఆ మాట మీరు అనరు, నేను అడగను. వచ్చే సంక్రాంతి, వచ్చే ఉగాది అంటూ అందరం తోసుకుంటూ వస్తున్నాం. చూడమ్మాయ్... పెద్దవాళ్లకి చెడ్డకబురు చెప్పకపోతే సుఖంగా ఉంటారనుకుంటారు మీరు. మాకు ఏమీ చెప్పరని తెలిశాక, మంచి కబురు చెప్పినా నమ్మబుద్ధి కాదు.’’

ఏమంటాను? ‘నిజమే అత్తయ్యా’ అన్నాను. చాలాకాలం తర్వాత ఆవిడతో అన్న మొదటి నిజం అదేనేమో.

పదకొండు పూలు

అత్తయ్య మే నెల దాకా ఉంది. మడత మంచాన్ని హాల్లోంచి బాల్కనీ తలుపు పక్కకు మార్చాం. ఏప్రిల్ మధ్యలో మల్లె మొగ్గ తొడిగింది. మొదటి రోజు రెండు. వారం తిరిగేసరికి ఒక సాయంత్రం లెక్కపెడితే పదకొండు. ఒకప్పుడు గిన్నెడు కోసిన మొక్క! పదకొండింటికి మాల ఏం వస్తుంది? అయినా అరటినార తడిపి కట్టింది. మూడు దేవుడికి, నాలుగు చిన్నికి, నాలుగు నాకు. ఆ రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫ్రిజ్ మీద తడిబట్ట. విప్పి పెట్టుకున్నాను. ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా.

వెళ్లే ముందు నాతో ఇంకో పని చేయించింది. కిందికి వాలిన ఒక కొమ్మను వంచి, పక్కన చిన్న కుండీలోని మట్టిలో పూడ్చి, లేవకుండా పైన రాయి పెట్టించింది. కొస మాత్రం బయటికి. తల్లి నుంచి విడదీయకుండానే ఆ కణుపు దగ్గర వేళ్లు వస్తాయి. ‘‘వానలు పడ్డాక వేళ్లొచ్చాయో లేదో చూసి కోసుకుని నాకు తెచ్చివ్వండి. పెద్దాడి ఇంట్లో కింద బోలెడు ఎండ’’ అంది. మేం విజయవాడ వెళ్లి ఎన్నాళ్లయిందో గుర్తుచేయడానికి అంతకంటే మర్యాదైన పద్ధతి ఉంటుందా?

శ్రావణంలో వెళ్లాం. తడిగుడ్డలో చుట్టిన అంటుమొక్కను ఈసారి నేను బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను. బావగారి ఇంటి ముందు గోడవారగా నాటాం. కొడుకు గొయ్యి తవ్వుతుంటే అత్తయ్య కుర్చీలో కూర్చుని ‘ఇంకాస్త లోతు, ఇంకాస్త లోతు’ అంటూనే ఉంది.

మొన్న ఆదివారం ఎప్పటిలాగే ఫోన్ మోగింది. అబ్బాయి, మనవరాలు, కూర... అన్నీ అయ్యాయి.

‘‘అవునూ, మల్లె ఎలా ఉంది?’’

చెంబు పక్కన పెట్టి ఫోన్‌తో సహా బాల్కనీలోకి వెళ్లాను.

‘‘అంత బాగా లేదు అత్తయ్యా. రెండు కొమ్మలకు మళ్లీ పిండినల్లి పట్టింది. కింది ఆకులు నాలుగు పసుపు తిరిగాయి.’’

‘‘అలాగా!’’ అంది అత్తయ్య. గొంతులో ఎంత సంతోషమో! ‘‘అయితే విను. ముందు సబ్బునీళ్లు కలుపుకో...’’

ఆ రోజు ఫోన్ పెట్టేసరికి ముప్పావుగంట అయింది.